“తిహ్ బ్యాల్ దునఫ్” పిల్లలతో పాడించాలి: పాట ఎవరి మీద, మాటలు బాణీలో ఎందుకు పట్టడం లేదు?

పాటలపందిరి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. బడిలో దేశదేశాల పిల్లల పాటల కార్యక్రమం ఉంది. మా బృందానికి బల్గేరియా వచ్చింది. పిల్లలు 24 మంది, వయసు 8 నుంచి 11, అందరి ఇళ్లలోనూ తెలుగే. వేదిక మీద మాకిచ్చిన సమయం రెండు నిమిషాలు. అక్కడి బడిపిల్లలు తమ జాతీయ వీరుడి మీద పాడుకునే “తిఖ్ బ్యాల్ దునావ్” తీసుకున్నాం. మూడో చరణంలో “లెవ్‌స్కి” అని ఉంది కాబట్టి ఇది వాసిల్ లెవ్‌స్కి మీద పాటే అనుకుని పరిచయ వాక్యాలు ఆయన గురించే రాసుకున్నాం. సరేనా?

రెండోది. మాటలు తెలుగు లిపిలో రాసి ఇచ్చాం. విడిగా చదివితే బాగానే ఉంటోంది, బాణీతో కలిపితే మాత్రం ప్రతి పాదంలోనూ రెండు మూడు అక్షరాలు మిగిలిపోతున్నాయి. బాణీ తప్పా, మేం రాసుకున్నది తప్పా? ఎన్ని చరణాలు పాడించాలి? తర్వాతి చరణాల్లో కత్తి, నెత్తురు ఉన్నాయంటున్నారు, ఈ వయసు వాళ్లతో ఆ మాటలు పాడించవచ్చా?

పాతచరిత్ర జవాబు

ముందు ఆ పరిచయ వాక్యాలు మార్చండి. ఈ పాట వాసిల్ లెవ్‌స్కి మీద కాదు, హ్రిస్తో బోతెవ్ మీద. మూడో చరణంలోని “లెవ్‌స్కి” మనిషి పేరు కాదు. “లెవ్” అంటే సింహం, “లెవ్‌స్కి జ్నాత్సి” అంటే సింహపు గుర్తులు. బోతెవ్ దళం వాళ్లు టోపీల మీద సింహం బిళ్ల పెట్టుకున్నారు, నుదుటి దగ్గర మెరిసేది అదే. వాసిల్ లెవ్‌స్కికి ఆ పేరు వచ్చింది కూడా సింహం నుంచే కాబట్టి ఎవరైనా పొరపడే చోటే ఇది. కానీ లెవ్‌స్కిని సోఫియాలో ఉరితీసింది 1873 ఫిబ్రవరిలో. పాటలోని ఘటన 1876 నాటిది. ఆయన ఉరి మీద బోతెవ్ ఒక కవిత రాశాడు. ఇద్దరినీ కలిపి ఒక మాట చెప్పాలనిపిస్తే అది చెప్పండి.

జరిగింది ఇది. 1876 వసంతంలో తుర్కుల ఏలుబడి మీద బల్గేరియాలో తిరుగుబాటు లేచింది, దాన్ని ఏప్రిల్ తిరుగుబాటు అంటారు. బోతెవ్ అప్పుడు దునావ్ (మనం డాన్యూబ్ అనే నది) అవతల, రుమేనియాలో ఉన్నాడు. కవి, పత్రికలు నడిపినవాడు, వయసు 28. సుమారు 200 మందిని కూడగట్టాడు. వాళ్లు తోటమాలుల వేషంలో, ఒకేచోట కాకుండా జూర్జూ మొదలుకొని నది పొడవునా వేర్వేరు రేవుల్లో, ఆస్ట్రియా వాళ్ల ప్రయాణికుల స్టీమరు “రాదెత్స్కి” ఎక్కారు. ఆయుధాలు పనిముట్ల పెట్టెల్లో వచ్చాయి. అప్పట్లో బల్గేరియా నుంచి కూరగాయల తోటల పనికి పొరుగు దేశాలకు వెళ్లేవాళ్లు చాలామంది, అందుకే ఆ వేషం ఎవరికీ తేడాగా కనిపించలేదు. నది మధ్యలో వేషం తీసేసి, స్టీమరును చేతిలోకి తీసుకుని, కెప్టెన్ దాగోబెర్ట్ ఎంగ్లెండర్ చేత కొజ్లొదూయ్ ఒడ్డుకు కట్టించారు. దిగగానే మోకాళ్ల మీద కూర్చుని నేలను ముద్దు పెట్టుకున్నారు. మూడు రోజుల తర్వాత వ్రాత్స కొండల్లో, ఒకోల్చిత్స శిఖరం దగ్గర బోతెవ్ తుపాకి గుండుకు నేలకొరిగాడు.

అదే 1876లో ఇవాన్ వాజోవ్ “రాదెత్స్కి” అనే పద్యం రాశాడు. 1909లో ఇవాన్ కరాజొవ్ అనే ఉపాధ్యాయుడు దానికి బాణీ కట్టాడు. అప్పటినుంచి పద్యం పేరు వెనక్కి పోయి, మొదటి మాటలే పాట పేరయ్యాయి.

పిల్లలకు చెప్పడానికి నాకు అన్నిటికంటే నచ్చే సంగతి వేరే ఉంది. అసలు స్టీమరు తర్వాతి కాలంలో మిగల్లేదు. 1960లలో లిలియానా లోజానోవా అనే పాత్రికేయురాలు పిలుపునిస్తే బల్గేరియా బడిపిల్లలు, 12 లక్షల మంది, చిల్లర పోగుచేసి దాని నమూనాను మళ్లీ కట్టించారు. 1966 నుంచి అది కొజ్లొదూయ్ రేవులో మ్యూజియంగా ఉంది. మీ పిల్లలు పాడబోయే స్టీమరును వాళ్ల వయసు పిల్లలే కట్టించారన్నమాట. పరిచయంలో ఈ ఒక్క వాక్యం తప్పకుండా ఉంచండి.

నల్లసముద్రం జవాబు

బాణీ తప్పు కాదు. మీరు రాసుకున్న తెలుగే తప్పు. ఎక్కడో చెప్తాను.

వాజోవ్ పద్యం లెక్క చాలా కచ్చితం: పాదాల్లో అక్షరాలు 8, 5, 8, 5. చివరి చరణం దాకా అదే లెక్క. ఇక్కడ అక్షరం అంటే అచ్చు ఉన్న ఉచ్చారణ, పొల్లు హల్లు లెక్కలోకి రాదు. మొదటి చరణం ఇలా విడగొట్టుకోండి:

తిహ్ · బ్యాల్ · దు · నఫ్ · సె · వల్ · ను · వ
వె · సె · లొ · షు · మీ
ఇ · ర · దెత్స్ · కి · గోర్ · దొ · ప్లు · వ
నద్ · జ్లత్ · ని · వల్ · నీ

మనది అజంత భాష. మాట హల్లుతో ఆగితే మన నోరు ఊరుకోదు, చివర ఒక ఉకారం తగిలిస్తుంది. పిల్లలు “తిహు బ్యాలు దునావు సె వల్నువ” అంటారు. లెక్కపెట్టండి, 8 కాస్తా 11 అయింది. మీకు మిగిలిపోతున్న మూడు అక్షరాలు అవే. “నద్ జ్లత్ని” కాస్తా “నదు జలతిని” అయితే 5 ఉన్న పాదం 8 దాకా పోతుంది. లిపిలో పొల్లు గుర్తు ఉన్నా పిల్లల కన్ను దాని మీద నిలవదు. ఆ హల్లుల కింద ఎర్ర గీత గీసి ఇవ్వండి, ఆ గీత దగ్గర నోరు మూసెయ్యాలని చెప్పండి.

ఇక ధ్వనులు.

“రాదెత్స్కి”లోని త్స మనకు కొత్తది కాదు. చాప, చాలు, చుక్క అనేటప్పుడు పలికే దంత్య చకారమే అది. “త్‌స” అని రెండు ముక్కలుగా నేర్పారా, అక్కడ చిన్న గతుకు పడుతుంది. “చాప అను, ఇప్పుడు ఆ చ మాత్రమే అను” అంటే పిల్లలు వెంటనే పట్టుకుంటారు. “యునాత్సి”, “జ్నాత్సి” చివర ఉన్నదీ అదే చకారం, కాకపోతే ఇకారంతో వచ్చింది. ఇకారం తగలగానే మనవాళ్లు చిలకలోని చ చేసేస్తారు. దాన్ని ఆపాలి.

“జ్లత్ని”, “కొజ్లొదూయ్”లలో జ మన జ కాదు. స అంటూ ఊపిరి వదులుతూ ఉండగా దానికి గొంతు కలిపితే వచ్చే ధ్వని. వేళ్లు గొంతు మీద పెట్టించండి. “స్‌స్‌స్” అంటే గొంతు కదలదు. నాలుకను అక్కడే ఉంచి తుమ్మెదలా గొంతు ఇస్తే వేళ్ల కింద అదురు తెలుస్తుంది. ఆ అదురే వాళ్ల జ.

“తిహ్”లో చివరిది గరగరలాడే హ, ఖ కాదు. అద్దం మీద ఊదేటప్పుడు వచ్చే హ కంటే కాస్త గట్టిది. మీరు “తిఖ్” అని రాసుకున్నారు, అలా రాస్తే పిల్లలు క మీద గుద్దుతారు.

“వల్నువ”, “వల్నీ”లలో మొదటి అచ్చు మన అకారానికి దగ్గరే, కానీ దవడ దించకూడదు. పళ్ల మధ్య చూపుడు వేలు మందం సందు చాలు. “వాల్నువా” అని సాగదీస్తే వినేవాళ్లకు మాట అర్థం కాదు.

మాట చివర గ, ద, వ, జ లాంటివి వస్తే బల్గేరియన్‌లో అవి గొంతు వదిలేసి క, త, ఫ, స అవుతాయి. రాత దునావ్, పలుకు దునఫ్. ఇది పాటకు ప్రాణం, ఎందుకంటే అంత్యప్రాసలు దీని మీదే నిలబడ్డాయి. రెండో చరణంలో “బ్ర్యాగ్” (ఒడ్డు), “బైర్యాక్” (జెండా) ప్రాస. బ్ర్యాగ్ అని చూసి చదివితే ప్రాస విరిగిపోతుంది. బ్ర్యాక్ అంటేనే బైర్యాక్‌తో కలుస్తుంది. ఐదో చరణంలో “తెజ్” (వీళ్లు), “ద్నెస్” (ఈ రోజు) కూడా అంతే, తెస్ అనాలి. కాగితం మీద కనిపించినట్టు కాకుండా చెవికి వినిపించేలా తెలుగులో రాసివ్వండి, సగం పని అయిపోతుంది.

ఇంకో ఉచ్చు రెండో చరణం మూడో పాదంలో ఉంది. “స్టీమరులో” అనడానికి “వ్ పరహోద” అంటారు. ఆ వ్ ఒంటరి హల్లు, అచ్చు లేదు, పైగా ప ముందు వచ్చి ఫ్ అయింది. “వి పరహోద” అంటే 9 అక్షరాలు అయిపోతాయి. పై పెదవి కదలకుండా కింది పెదవిని పళ్లకు తాకించి వెంటనే ప లోకి వెళ్లాలి: “ఫ్‌పరహోద”. మూడో చరణంలో “వ్ ఒచీతె” (కళ్లలో) దగ్గర ఈ బాధ లేదు, వ్ తర్వాతి అచ్చులో కలిసిపోయి “వొచీతె” అవుతుంది.

పాటలపందిరి

మూడు అక్షరాల లెక్క సరిగ్గా కుదిరింది, ధన్యవాదాలండీ. పరిచయం బోతెవ్ గారి మీదకు మార్చేస్తున్నాం. ఇంకో సందేహం. “తిహ్” అంటే నెమ్మదైనది అంటున్నారు, “సె వల్నువ” అంటే అలలెత్తుతోంది అంటున్నారు. రెండూ ఒకే పాదంలో ఎలా? మా పిల్లల్లో ఒకరు ఇదే అడిగారు. అలాగే చరణాలు ఎన్నో, ఎలా నేర్పాలో కూడా చెప్పండి.

నల్లసముద్రం జవాబు

మంచి ప్రశ్న అడిగారు ఆ పిల్లలు. “తిహ్ బ్యాల్”, అంటే నెమ్మదైన తెల్లని, అనేది అక్కడి జానపద గీతాల్లో దునావ్‌కు అంటిపెట్టుకుని ఉండే విశేషణం. మనం “నిండు గోదారి” అంటాం, ఎండాకాలంలో ఇసుక తేలినా పాటలో నిండు గోదారే. ఇదీ అంతే. వాజోవ్ ఆ పాత పలుకుబడితో మొదలుపెట్టి, అదే పాదంలో నదిని కదిలించాడు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే నది ఈ రోజు ఉప్పొంగుతోంది, ఏదో జరగబోతోంది అని పాట మొదటి పాదంలోనే తెలిసిపోతుంది. పిల్లలకు ఇలా చెప్తే “వల్నువ” దగ్గర గొంతు దానంతటదే లేస్తుంది.

శ్రుతిపెట్టె జవాబు

తాళం సంగతి. ఇది మార్చ్, అడుగు వేస్తూ పాడేది. మన పిల్లలకు దీన్ని చతురస్ర గతిలో చెప్పడం సులువు. 8 అక్షరాల పాదం “తకధిమి తకధిమి”, 5 అక్షరాల పాదం “తకధిమి తా”. “వెసెలొ షుమీ” అంటే అచ్చంగా “తకధిమి తా”. ఆ “తా” సాగుతుంది, మిగిలిన మూడు అక్షరాల కాలం అక్కడే ఉంది. ఊపిరి తీసుకునే చోటు కూడా అదే. 8 అక్షరాల పాదం చివర ఊపిరి తీయనివ్వకండి, తీస్తే తర్వాతి పాదం ఆలస్యంగా మొదలై 24 మంది 24 చోట్ల ఉంటారు.

ఒకచోట జాగ్రత్త. “నద్ జ్లత్ని వల్నీ”లో మాట ఊనిక “జ్లత్” మీద, “నీ” మీద. “తకధిమి తా” అని అలవాటైన పిల్లలు “నద్” మీద దెబ్బ వేస్తారు. అది విభక్తి లాంటి చిన్న మాట, దాని మీద దెబ్బ పడితే ముఖ్యమైన “బంగారు” అనే మాట నలిగిపోతుంది. “నద్” తేలిగ్గా వదిలి “జ్లత్” మీద ఆనమనండి. “వెసెలొ”లో అయితే మొదటి “వె” మీదే ఊనిక ఉంది, అక్కడ ఇబ్బంది లేదు.

పాడేటప్పుడు ప్రతి చరణంలో చివరి రెండు పాదాలు మళ్లీ పాడతారు. అంటే చరణానికి ఆరు పాదాలు. బీటుకు రెండు అక్షరాల లెక్కన పాదానికి 4 బీట్లు, చరణానికి 24. నిమిషానికి 100 బీట్ల వేగంలో చరణం సుమారు 14 సెకన్లు. ఐదు చరణాలు 72 సెకన్లు. ముందు నాలుగు బీట్ల డ్రమ్ము, రెండు మూడు వాక్యాల పరిచయం కలిపినా మీ రెండు నిమిషాల్లో పడుతుంది. ఆరో చరణం జోలికి పోవద్దు. పద్యం అసలు ఇంకా చాలా పొడవు, కెప్టెన్‌తో వాదన అంతా ఉంది. వేదిక మీద అది సాగుతుంది.

కత్తి, నెత్తురు గురించి. మొదటి మూడు చరణాల్లో నది, స్టీమరు, కొజ్లొదూయ్ ఒడ్డు, కొమ్ము ఊదడం, జెండా విప్పడం, కుర్రాళ్ల కళ్లలో మంట, అంతవరకే. నాలుగో చరణంలో నాయకుడు చేతిలో దూసిన కత్తితో కెప్టెన్ ముందు నిలబడతాడు. ఐదో చరణం ఆయన మాట: నేను బల్గేరియా నాయకుణ్ణి, వీళ్లు నా కుర్రాళ్లు, స్వేచ్ఛ కోసం దూసుకెళ్తున్నాం, ఈ రోజు నెత్తురు చిందించడానికి. అక్కడి బడుల్లో ఇవన్నీ పాడతారు. నా అభిప్రాయం అడిగితే ఐదూ ఉంచండి. మూడు దగ్గర ఆపితే జెండా ఎగిరింది కానీ ఎందుకో తెలియదు. బోతెవ్ నోరు విప్పేది ఐదో చరణంలోనే. ఆ నెత్తురు ఎవరిదో పిల్లలకు వివరంగా చెప్పండి. అది ప్రాణం పెట్టడానికి సిద్ధమైనవాళ్ల మాట, మూడు రోజుల్లో నిజమైన మాట.

ఐదో చరణం ఒక్కరితో పాడించి, మళ్లీ వచ్చే రెండు పాదాలు మొత్తం బృందం అందుకుంటే బాగుంటుంది. నాయకుడు అన్నాడు, దళం అవునంది అన్నట్టు ఉంటుంది. గొంతు పెద్దగా ఉన్నవాళ్లను కాకుండా పొల్లు హల్లులు శుభ్రంగా పలికేవాళ్లను దానికి ఎంచుకోండి.

నేర్పే వరస: మొదటి రోజు బాణీ అసలు వద్దు. చప్పట్లతో “తకధిమి తకధిమి, తకధిమి తా” మాత్రమే, పదిసార్లు. దాని మీదే మొదటి చరణం మాటలు, పాడకుండా. నోరు తిరగని పాదాన్ని చివరి నుంచి కట్టండి: “నువ”, “వల్నువ”, “సె వల్నువ”, “దునఫ్ సె వల్నువ”. ముందు నుంచి కడితే పిల్లలకు మొదలు గట్టిగా వస్తుంది, చివర నసుగుతారు. చివర నుంచి కడితే తెలిసిన చోటుకు వెళ్తున్నట్టు ఉంటుంది, వేగం తగ్గదు. రెండో రోజు నుంచి బాణీ, నిమిషానికి 76 లేదా 80 వేగంలో. రోజుకు ఒక చరణం మించవద్దు. అన్నీ వచ్చాకే 100కు తీసుకెళ్లండి. 112 దాటితే “ఫ్‌పరహోద” ఎవరికీ పలకదు.

శ్రుతి: ఈ వయసుకు హాయిగా పలికే పరిధి మధ్య సి నుంచి పై డి దాకా. మీ దగ్గరున్న రికార్డింగు పెద్దవాళ్ల మగ గొంతులదైతే అదే శ్రుతిలో పాడించకండి. పిల్లలు కింది స్వరాలు గొణిగి, పై స్వరాలు అరుస్తారు. పాటలో అన్నిటికంటే పై స్వరం ఏదో చూసుకుని అది సి లేదా డి దగ్గర పడేలా శ్రుతి మార్చుకోండి.

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు సాగే స్వరం మీద గమకం వేసేస్తారు, అలవాటు అది. ఇక్కడ వద్దు. “షుమీ”, “వల్నీ” దగ్గర స్వరం గీత గీసినట్టు నిలవాలి. వాద్యాలు ఎక్కువ పెట్టకండి. ఒక సైడ్ డ్రమ్, హార్మోనియమో కీబోర్డో ఒకటి చాలు. రెండో చరణంలో కొమ్ము ఊదే మాట వచ్చాక ఎవరైనా ట్రంపెట్ మీద రెండు స్వరాలు ఊదగలిగితే చరణం ముగిశాక ఊదించండి. మాట మీద ఊదిస్తే మాట వినపడదు.

నోట్స్ వెతికేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. “రాదెత్స్కి మార్చ్” అని వెతికితే వచ్చేది జోహాన్ స్ట్రాస్ 1848లో రాసిన వియన్నా మార్చ్. ఆస్ట్రియా సేనాని రాదెత్స్కి పేరే దానికీ పెట్టారు, ఈ స్టీమరుకూ పెట్టారు. పేరు తప్ప రెండింటికీ ఏ పోలికా లేదు. పాట మొదటి మాటలతోనో, కరాజొవ్ పేరుతోనో వెతకండి.

పాతచరిత్ర జవాబు

తేదీల గురించి ఒక మాట, ఎందుకంటే పరిచయంలో తేదీ పెడితే ఎవరో ఒకరు తప్పు అంటారు. అప్పటి బల్గేరియాలో పాత జూలియన్ క్యాలెండర్. రాదెత్స్కిని పట్టుకున్నది ఆ లెక్కలో మే 17, బోతెవ్ చనిపోయింది మే 20. 19వ శతాబ్దంలో రెండు క్యాలెండర్ల తేడా 12 రోజులు, కాబట్టి ఇప్పటి లెక్కలో మే 29, జూన్ 1. కానీ బల్గేరియా కొత్త క్యాలెండర్‌కు మారింది 1916లో, అప్పటికి తేడా 13 రోజులైంది. ఆ 13 కలపడంతో వర్ధంతి జూన్ 2న స్థిరపడింది. లెవ్‌స్కిదీ అదే కథ: పాత లెక్కలో ఫిబ్రవరి 6, నిజానికి 18 కావాలి, జరిపేది 19న. మీరు “1876 మే 29న స్టీమరు, జూన్ 2న సంస్మరణ దినం” అని రాసుకుంటే రెండూ సరైనవే. “జూన్ 2న చనిపోయాడు” అని మాత్రం రాయవద్దు.

జూన్ 2 మధ్యాహ్నం 12 గంటలకు దేశమంతటా సైరన్లు మోగుతాయి, రోడ్డు మీద నడిచేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోతారు. బోతెవ్‌కూ, స్వేచ్ఛ కోసం ప్రాణాలిచ్చిన వాళ్లందరికీ ఆ నివాళి.

వేదిక మీద జెండా పట్టిస్తుంటే పై నుంచి తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు. తలకిందులుగా పడితే పైన ఎరుపు, కింద తెలుపు అవుతుంది, కర్రకు కట్టేటప్పుడే చూసుకోండి. రెండో చరణంలో విప్పిన జెండా మాత్రం దళం సొంత జెండా, జూర్జూలో పెత్రానా ఒబ్రెతెనోవా కుట్టింది. దాన్ని మోసిన నికోలా సిమోవ్, మిలిన్ కమక్ అనే కొండ దగ్గర పోరులో చనిపోయాడు.

పాటలపందిరి

పాదాల కింద ఎర్ర గీతలు గీసి కాగితాలు మళ్లీ రాశాం. రెండో చరణం మూడో పాదం “ఫ్‌పరహోద రోక్ ఇస్స్విర్వ” అని రాశాను. “రోగ్” చివర గ కూడా క అవుతుందా, లేక తర్వాత అచ్చు ఉంది కాబట్టి గ గానే ఉంటుందా?

నల్లసముద్రం జవాబు

క అవుతుంది. తర్వాతి మాట అచ్చుతో మొదలైనా మాట చివరి హల్లు గొంతు కోల్పోతుంది. రోక్ అనే ఉంచండి. మీరు రాసిన పాదం లెక్క కూడా సరిపోయింది: ఫ్‌ప, ర, హో, ద, రోక్, ఇస్, స్విర్, వ. ఎనిమిది. “స్విర్” దగ్గర మాత్రం ఇ చేర్చి “ఇస్సివిర్వ” అనే పిల్లలు ఉంటారు, దాన్ని రేపటి సాధనలోనే పట్టుకోండి.